చేయి విఱిచినవారియెడ మొగమాటమేల?

"నొప్పి పోవలెనన్న నొప్పి పడవలెను" అను మాట మన యిండ్లలో మిక్కిలి వాడుకలో నున్నది. పెద్దవారు దానిని చెప్పుదురు. చికిత్స చేయువాడు చెప్పును. తుదకు బాధపడు రోగియే పండ్లు బిగించుకొని తనకు తాను చెప్పుకొనును. చేదు మందు మ్రింగుటకు ఈ మాట చెల్లునేమో. కీళ్లను వంచి, కండరములను లాగి, వేడిమిని విద్యుత్తును దేహమునకు సోకించి చేయు చికిత్సకు, అనగా నేడు పట్టణములలో వీథివీథిని బోర్డు కట్టుకొనియున్న ఫిజియోథెరపీకి మాత్రము ఇది చెల్లదు. ఈ మాట చాటున జరుగు చెఱుపును మనము ప్రారబ్ధమనుచున్నాము. అడుగుటకు చట్టము త్రోవ చూపుచుండగా ఆ త్రోవకు తలుపు వేయుచున్నవారు ప్రతివాదులు కారు, వకీళ్లు కారు, రోగి యింటివారే. నేను కలము పట్టినది ఆ యింటివారి మీదనే.

పరుల సంగతి కెక్కుటకు ముందు మా యింటి సంగతి చెప్పవలసియున్నది. మా వదినగారు ఏబదియెనిమిదేండ్ల మనిషి, మధుమేహము కలదు. మూడేండ్లు కావచ్చినది, ఆమెకు కుడి భుజము బిగిసికొనిపోయెను. జడ వేసికొనుటకు చేయి లేవదు. అటుక మీది డబ్బా అందదు. మధుమేహము గలవారికి ఇట్టిది తఱచుగా వచ్చును. ఓర్పుతో నెలల తరబడి కొంచెము కొంచెముగా కదలించినచో చాలవఱకు చక్కబడును. మా యూరి చికిత్సాలయ మొకదానిలో నొక యువకుడు పది దినములు నెమ్మదిగానే చేసి, పదునొకండవ దినమున "నేటితో తాళము తీసివేసెదను" అని చెప్పి ఆ చేతిని ఒక్కపెట్టున పైకి లాగెను. చప్పుడైనది. ఆమె కేక వేసినది. "బిగువు విడిచిన చప్పుడమ్మా, ఇక భయము లేదు" అని యతడనెను. ఆమె నమ్మెను, మేమును నమ్మితిమి. ఇరువది దినములు ఆ చేతికే కాపడము పెట్టి, ఆ చేతినే త్రిప్పించిరి. వాపు తగ్గలేదు, కమిలిన నలుపు మోచేతి వఱకు దిగెను. తుదకు ఎక్సురే తీయించగా భుజపుటెముక పైభాగమున విఱిగియుండెను. శస్త్రము చేసి పలకయు మరలును వేసిరి. నేటికిని ఆ చేయి భుజము దాటి లేవదు.

అప్పుడు మా యింట జరిగిన యాలోచన యేమనగా: "కావలెనని చేసినాడా? పిల్లవాడు. మన వీథివాడు. పెండ్లి కావలసినవాడు. కోర్టుకీడ్చిన వాని బ్రతుకేమగును?" ఆ పిల్లవాని పెండ్లి అందఱకును జ్ఞప్తికి వచ్చెను, మా వదినగారి చేయి యెవ్వరికిని జ్ఞప్తికి రాలేదు. ఎవ్వరికిని అనుటలో నేనును చేరుదును. బడిలో పిల్లలకు ధర్మపన్నములు వల్లింపించు నేను, "అవునన్నయ్యా, పోనిండు" అని యూరకుంటిని. వదినగారి నెవ్వరును అడుగలేదు.

ఫిజియోథెరపీని దూషించుట నా యుద్దేశము కాదని ముందే చెప్పుచున్నాను. పక్షవాతముతో మంచము పట్టినవారిని గోడ పట్టి నడపించిన వారిని, మోకాలి చిప్ప మార్పించుకొన్న ముసలివారిని మెట్లెక్కించిన వారిని నేనెఱుగుదును. అట్టివారి చేతులకు నమస్కరింపవలయును. కాని మంచి చికిత్సకుడు ముందు చేయి వేయడు, ముందు అడుగును. వయస్సెంత, మధుమేహము కలదా, ఎముకలు పలుచబడినవా, ఒడలిలో లోహపు పలకలున్నవా, గుండెకు పేస్‌మేకరు పెట్టిరా, చర్మమునకు వేడి చల్లదనము తెలియుచున్నదా, పిక్కలో వాపున్నదా అని యడిగి, వ్రాసికొని, తాకి చూచి, పిమ్మట మొదలు పెట్టును. ఈ ప్రశ్నలకు పట్టుకాలము పది నిమిషములు. ఆ పది నిమిషములను మిగుల్చుకొన్నవాడు రోగి దేహముతో జూదమాడుచున్నాడు.

ఎట్లనగా, మధుమేహము ముదిరినవారి పాదములకు స్పర్శ మొద్దువారును. వేడి సంచి పెట్టి, "కాలినయెడల చెప్పుడు" అని ప్రక్క మంచము కడకు పోయినచో వారు చెప్పరు. వారికి తెలియదు గనుక చెప్పరు. బొబ్బ లేచిన పిదప పుండగును, ఆ పుండు మానదు, కొన్నియెడల వ్రేలిని, పాదమును తీసివేయవలసివచ్చును. షార్ట్‌వేవ్ డయాథర్మీ యను యంత్రము లోతైన కండరములకు వేడిని పంపును. లోపల లోహపు పలకయున్న చోట అది పలక చుట్టును మాంసమును కాల్చవచ్చును. పేస్‌మేకరు గలవానికి అది ప్రాణాపాయము. పిల్లవాడు చెట్టు మీదనుండి పడి మోచేయి విఱిగి, కట్టు విప్పిన పిమ్మట బిగిసియుండగా, తల్లి తొందరపడి "త్వరగా చాచునట్లు చేయుడు" అనును; బలవంతముగా చాచి నలిపినచో కండరములోనే ఎముక మొలచి, ఆ మోచేయి మఱింతగా బిగిసిపోవును. పక్షవాతము వచ్చినవాని చచ్చుబడిన చేయి పట్టి మంచము మీదనుండి లేపుట మన యిండ్లలో నిత్యము చూచునదే. దానిచేత భుజపుకీలు జాఱును. పిక్కలో నెత్తురు గడ్డ కట్టియున్నదని తెలియక మర్దనము చేసినచో ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు పోవచ్చును. మెడను చటుక్కున త్రిప్పి చప్పుడు చేయించుట నేడొక వేడుకయైనది. మెదడునకు పోవు ధమని ఆ త్రిప్పుటలో చిరిగి, నడచివచ్చినవాడు పక్షవాతముతో పోవుట అరుదైనను వైద్యులెఱిగిన సంగతియే.

వీనిలో నొక్కటియు దైవికము కాదు. ఇవన్నియు ఆ విద్య నేర్పు పుస్తకములలో "ఇట్లు చేయరాదు" అని వ్రాసియుంచిన నిషేధములు. చేయరాదని నేర్చినదానిని చేయుట, లేక నేర్వకయే చేయుట, దీనికి నిర్లక్ష్యమని పేరు.

ఈ మాట వినగానే "వైద్యుని మీద వ్యాజ్యమా! ఇది తెల్లవారి పద్ధతి, మన పెద్దలు వైద్యుని దేవునిగా చూచిరి" అని కొందఱనుదురు. పెద్దలను తలచువారు పెద్దల గ్రంథములను చదివిన బాగుండును. కౌటిల్యుడు అర్థశాస్త్రమున నాలుగవ యధికరణములో, ప్రాణాపాయము గల చికిత్సను ముందుగా తెలుపక మొదలుపెట్టిన వైద్యుని చేతిలో రోగి చచ్చినచో నొక దండమును, చేసిన పనిలోని తప్పుచేత చచ్చినచో అంతకంటె పెద్ద దండమును విధించెను. మర్మస్థానమునకు దెబ్బ తగిలి యవిటితనము కలిగినచో దానిని కొట్టిన నేరముతో సమానముగా నెంచుమనెను. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున తప్పుడు చికిత్స చేయువారికి దండము కలదు. పశువులయెడ తక్కువ, మనుష్యులయెడ ఎక్కువ. అపాయమును ముందు చెప్పవలెనన్న నియమము మనకు ఇంగ్లీషువారు నేర్పినది కాదన్నమాట. అయితే ఆ దండములో కొఱత యొకటి యున్నది: ఆ ధనము రాజబొక్కసమునకు పోయెడిది. అవయవము పోయినవాడు ఇంటికి రిక్తహస్తములతో పోయెడివాడు. నేటి చట్టము ధనమును రోగి చేతిలో పెట్టుచున్నది. మనము వలదనుచున్నది దీనిని.

నేటి చట్టమున నిర్లక్ష్యమునకు కొలత యేమి? చెడు ఫలితము కలిగినంత మాత్రమున చికిత్సకుడు దోషి కాడు. ఇది మొదట గ్రహింపవలయును; దీనిని గ్రహింపని కోపము కోర్టులో నిలువదు. ఇంగ్లండులో 1957వ సంవత్సరమున బోలము కేసనబడు వ్యాజ్యము నడచెను. మానసిక వ్యాధి గల యొకనికి విద్యుత్ చికిత్స చేయగా, కండరములను సడలించు మందీయనందున అతని తుంటికీళ్లు విఱిగెను. అట్టి మందిచ్చు వైద్యులును, ఈయని వైద్యులును అప్పుడు సమముగా పేరు గలవారుండిరి గనుక రోగి యోడిపోయెను. ఆ విద్యయందు సామాన్యముగా నేర్పు గల యొకడు ఏమి చేయునో అది చేసెనా లేదా యనునదే కొలత. మన సుప్రీం కోర్టును 2005వ సంవత్సరపు జేకబ్ మాథ్యూ తీర్పులో ఈ కొలతనే పట్టెను.

ఈ కొలత చికిత్సకునికి కవచము. కాని కవచమునకు సందులు లేకపోలేదు. ఒక మన దేశపు వ్యాజ్యమును చూడుడు. 1953వ సంవత్సరము మే నెలలో పాల్షేటు సముద్రతీరమున ఇరువదేండ్ల కుఱ్ఱవానికి తొడయెముక విఱిగి, అతనిని పూనాలో నొక పేరు గల శస్త్రవైద్యుని కడకు చేర్చిరి. తగినంత మత్తు ఈయకయే, ముగ్గురు సేవకుల చేత పట్టించి, మితిమీఱిన బలముతో ఎముకను లాగి కట్టు కట్టిరి. ఆ సాయంకాలమే కుఱ్ఱవాడు చనిపోయెను. తండ్రి తానును వైద్యుడే. వృత్తిలోని వాని మీద వృత్తిలోనివాడే దావా వేసెను, మొగమాటపడలేదు. పదునైదేండ్లకు, 1968లో, సుప్రీం కోర్టు తండ్రి పక్షమున తీర్పు నిలిపెను. రోగిని చేర్చుకొనవలెనా యని నిర్ణయించుటయందు, ఏ చికిత్స చేయవలెనో నిర్ణయించుటయందు, దానిని చేయుటయందు, ఈ మూడింట వైద్యుడు జాగ్రత్త వహింపవలసినవాడని చెప్పెను. పరిహారము మూడువేల రూపాయలే. ఆ తీర్పు చదివినప్పుడెల్ల మా వదినగారి భుజము నాకు తలపునకు వచ్చును. బిగిసిన భుజమును బలముగా కదలించు పద్ధతి వైద్యములో లేదని కాదు. దానిని మత్తులో, ఎముకల వైద్యుడు, ఎముక బలము తెలిసికొని చేయును. మధుమేహము గల స్త్రీకి, మెలకువలో, ఎక్సురే లేక, వట్టి చేతిబలముతో చేయుట సరియని చెప్పు బాధ్యత గల చికిత్సకుడు నాకింతవఱకు కనబడలేదు. చప్పుడైన పిమ్మట ఇరువది దినములు ఆ విఱిగిన చేతినే త్రిప్పుట సరియని చెప్పువాడు ఎన్నటికిని కనబడబోడు.

ఇక అడుగు త్రోవలు. వానిలో గృహస్థులకు మిక్కిలి దగ్గఱిది వినియోగదారుల కమిషను. 1986వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము వైద్యమునకు చెల్లునా యని వాదము పుట్టగా, 1995 నవంబరులో సుప్రీం కోర్టు వి.పి. శాంత కేసున చెల్లుననెను. పాత చట్టము పోయి 2019వ సంవత్సరపు చట్టము 2020 జూలైలో అమలునకు రాగా, దానిలో ఆరోగ్యసేవ యను మాట లేదు గనుక వైద్యులు తప్పుకొన్నారని వాదించిరి. బొంబాయి హైకోర్టు 2021లోను, సుప్రీం కోర్టు 2022లోను ఆ వాదమును త్రోసివేసెను. రుసుము పుచ్చుకొని చేయు ఫిజియోథెరపీయు ఈ కోవలోనిదే. రుసుము పుచ్చుకొన్నది ఆసుపత్రియైనచో, తప్పు చేసినవాడు జీతగాడైనను, ఆసుపత్రి తప్పించుకొనజాలదు. నర్సు వేసిన తప్పుడు సూదిమందునకు ఆసుపత్రి యుత్తరవాది యని 1998లో తీర్పు కలదు. పెద్ద చికిత్సకుని పేరు బోర్డు మీద చూచి మనము డబ్బు కట్టుదుము. యంత్రము పెట్టువాడు నిన్న చేరిన కుఱ్ఱవాడు. అట్టి చోట బోర్డు మీది పేరే మొదట అడుగవలసిన పేరు.

అచ్చట దావా వేయుట జనులు భయపడునంత కష్టము కాదు. చికిత్సకు చెల్లించిన సొమ్ము ఏబది లక్షలు దాటనిచో జిల్లా కమిషనే చాలును. కోరు పరిహారమెంతయైనను చెల్లించిన రుసుమే కొలత గనుక ఫిజియోథెరపీ ఫిర్యాదులు దాదాపుగా అన్నియు జిల్లా కమిషనులోనే పడును. చెల్లించినది ఐదు లక్షల లోపలయైనచో అర్జీకి రుసుము లేదు. చికిత్స జరిగిన యూరిలోనే కాక, రోగి నివసించు జిల్లాలోను వేయవచ్చును. ఇది 2019 చట్టము చేసిన మేలు. వకీలు తప్పనిసరి కాదు. ఇంటినుండియే కంప్యూటరు ద్వారా దాఖలు చేయు నేర్పాటును కలదు. మూడు నెలలలో తేల్చవలెనని చట్టమనును. తేల్చుట లేదని లోకమనును. రెండును నిజములే.

రసీదు సంగతి యొకటి ఇచ్చట చెప్పక తప్పదు. "బిల్లు వలదన్నచో నూఱు రూపాయలు తగ్గించెదము" అనగానే సంతోషించు గృహస్థులు మనలో లేరా? ఆ నూఱు రూపాయలకు మనము అమ్ముకొనుచున్నది సాక్ష్యమును. రుసుము చెల్లించినట్లు రుజువు లేనివాడు వినియోగదారుడని చెప్పుకొనుటయే కష్టము. రసీదు, వైద్యుడు వ్రాసిచ్చిన చీటి, చికిత్స జరిగిన తేదులు, ఎక్సురే తీసిన తేది, కాలిన గాయమునకు ఆ దినమే తీసిన ఛాయాచిత్రము, ఇంకొక వైద్యుడు వ్రాసిన యభిప్రాయము, ఇవి యొక సంచిలో నుండవలయును. రోగి అడిగినచో వైద్యపు కాగితములను డెబ్బదిరెండు గంటలలో ఈయవలెనని వైద్యులకు 2002వ సంవత్సరపు నియమములు విధించుచున్నవి. చికిత్సాలయము నడుపు ఫిజియోథెరపిస్టును ఆ కాగితములను వ్రాతమూలముగా అడుగుటకు సిగ్గేల? ఈయనన్నచో ఆ "ఈయను" అనుటయే కమిషను ముందు పెట్టదగిన మాట.

నిపుణుని సాక్ష్యము లేనిదే కేసు లేదని మఱి కొందఱు భయపెట్టుదురు. హైదరాబాదునందు మలేరియా జ్వరమునకు టైఫాయిడు మందులిచ్చి యొకామె మరణమునకు కారణమైన యాసుపత్రి కేసున, 2010 మార్చిలో సుప్రీం కోర్టు ప్రతి కేసునందును నిపుణుని యభిప్రాయము తప్పనిసరి కాదని స్పష్టముగా చెప్పెను. కొన్ని సంగతులు తామే మాటలాడును. స్పర్శ లేని పాదము మీద వేడి సంచి పెట్టి కాల్చుటకు వ్యాఖ్యాత యెందులకు? కాని మెడనరము, ధమని వంటి చిక్కు సంగతులకు నిపుణుడు కావలయును. ఇచ్చట పిసినితనము పనికిరాదు.

ఉచితముగా అందఱకును వైద్యము చేయు ప్రభుత్వ ఆసుపత్రులు వినియోగదారుల చట్టమునకు వెలి. కాని కొందఱ కడ పుచ్చుకొని కొందఱకు ఉచితముగా చేయు చోట, ఉచితముగా చేయించుకొన్నవాడును వినియోగదారుడే యని శాంత తీర్పు. కేవలము ఉచితమైన చోటను సివిలు కోర్టు తలుపు మూయబడలేదు. 1963లో ఔరంగాబాదు ప్రభుత్వ ఆసుపత్రిలో నొక తల్లి కడుపులో తువాలు మఱచి కుట్టివేయగా ఆమె మరణించెను. ప్రభుత్వమే పరిహారమీయవలెనని 1996లో సుప్రీం కోర్టు నిర్ణయించెను.

ముప్పదిమూడేండ్లు! ఈ సంఖ్యలు చూచి "ఇంతకాలము తిరుగుట యెవరి తరము" అందురు. నేనును కాదనను. మన హైదరాబాదు నిమ్సులో 1990వ సంవత్సరమున శస్త్రచికిత్స జరిగిన పిమ్మట నడుము క్రింద చచ్చుబడిన ఇరువదేండ్ల ఇంజనీరింగు విద్యార్థికి కోటి రూపాయల పరిహారము వచ్చినది 2009లో. చక్రముల కుర్చీలో కూర్చుండి తన వాదము తానే సుప్రీం కోర్టులో వినిపించెను. పందొమ్మిదేండ్లు పట్టినది నిజము. మొదటి యేడే "పోనిండు" అని యింటివారనియుండినచో ఏమి వచ్చియుండెడిదో దానిని గూడ లెక్కింపవలయును గదా.

క్రిమినలు త్రోవ వేఱు. దానిని కోపము తీర్చుకొనుటకు వాడువారున్నారు; అది తగదు. జేకబ్ మాథ్యూ తీర్పు ప్రకారము శిక్షకు సామాన్యమైన పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యము కావలయును. వేఱొక వైద్యుని నిష్పక్షపాతమైన యభిప్రాయము తీసికొనకయే పోలీసులు ముందుకు పోరాదు. 2024 జూలై నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో, నిర్లక్ష్యముచేత తీవ్రమైన గాయము చేసినచో మూడేండ్ల వఱకును, మరణము కలిగించినచో ఐదేండ్ల వఱకును శిక్ష కలదు. మరణము విషయమున నమోదైన వైద్యునికి మాత్రము రెండేండ్లకు తగ్గించిరి. నమోదైన వైద్యుడనగా వైద్య రిజిస్టరులో పేరున్నవాడని ఆ సంహితయే చెప్పుచున్నది. ఆ మాటలను బట్టి చూడగా ఈ తగ్గింపు ఫిజియోథెరపిస్టునకు చెందదు. తమ్ము కాపాడుచున్నదనుకొన్న గొడుగు తమ తలపై లేదని ఆ వృత్తిలోనివారు గమనించిన మేలు.

మఱియు 2021వ సంవత్సరపు చట్టమొకటి ఫిజియోథెరపిస్టులకును, అట్టి యితర వృత్తులవారికిని జాతీయ కమిషనును, రాష్ట్ర మండలులను, నమోదు పట్టికలను విధించినది. తప్పు చేసినవాని పేరు పట్టికనుండి తీయించుటకు అది త్రోవ. దానివలన రోగికి డబ్బు రాదు. తరువాతి రోగికి రక్షణ కలుగును. వారాంతపు శిక్షణతో బల్ల వేసికొని కూర్చుండినవారిని మొదట అడుగవలసిన ప్రశ్న, "మీ నమోదు సంఖ్య యేది?" అనునది. పెండ్లి సంబంధమునకు గోత్రము, ఆస్తి, తాతతండ్రుల చరిత్ర విచారించు మనము, వెన్నెముకను ఒకని చేతిలో పెట్టుచు వాడు ఏమి చదివెనో అడుగము!

స్త్రీల సంగతి వేఱుగా చెప్పుట కారణము లేకపోలేదు. నడుము మీదనో తొడ మీదనో కాలిన మచ్చను వైద్యునికి చూపుటకే మన యాడువారు సంకోచింతురు. కమిషనులో దాని ఛాయాచిత్రము దాఖలు చేయుమన్న భర్త యెందఱు? పైగా "ఆమెకు ఉద్యోగము లేదు, జీతము లేదు, ఇక నష్టమేమని చూపుదుము" అను ప్రశ్న. ఈ ప్రశ్న అడుగువాడు నాలుగు దినములు వంట చేసికొని చూచిన పిమ్మట అడుగవలయును. గృహిణి పనికి విలువ కట్టుట మన న్యాయస్థానములకు క్రొత్త కాదు. మోటారు ప్రమాదపు వ్యాజ్యములలో 2010లో నొకమాఱు, 2021 జనవరిలో మఱియొకమాఱు సుప్రీం కోర్టు ఆ విలువను స్పష్టముగా గుర్తించెను. రెండవదానిలో గృహిణుల శ్రమను గుఱించి ప్రత్యేకముగా తీర్పు వ్రాసినవారు మన తెలుగువారగు జస్టిస్ ఎన్.వి. రమణగారు. కుడిచేయి లేవని గృహిణి నష్టము కనబడదన్నవానికి కన్నులు లేవు.

అన్నిటికంటె క్రూరమైన సంగతి తుదకు మిగిలినది. వినియోగదారుల కమిషనుకు పోవుటకు గడువు రెండేండ్లు. ఆ పైన పోవువారు ఆలస్యమునకు తగిన కారణము చూపి మన్నింపు వేడవలయును. చికిత్సకుని పెండ్లిని గుఱించి మేము జాలిపడుచుండగా ఆ రెండేండ్లు గడచిపోయినవి. ఎక్సురే తీసిన దినము మొదలు లెక్కించినను రెండేండ్ల నాలుగు నెలలకు, ఒక దినమున, వదినగారు నన్ను పిలిచి, "మరిదీ, మీకు ఇంగ్లీషు వచ్చును గదా, ఆ చట్టము తెచ్చి చదువుడు" అనిరి. చదివితిని. గడువు దాటినదని చెప్పుటకు నాకు నోరు రాలేదు. చెప్పితిని.

ఇప్పుడు అర్జీ వేసినాము. ఆలస్యమునకు కారణమను చోట వకీలుగారు "రోగి యనారోగ్యము" అని వ్రాయుద మనిరి. వదినగారు ఒప్పుకొనలేదు. "నా యనారోగ్యము కాదు. ఇంటివారు వలదనిరి, నేను నోరు మూసికొంటిని. అదియే వ్రాయుడు" అనిరి. మా అన్నగారు చాలసేపు మాటలాడక, పిమ్మట ఆమెను ఆపినది తానేయని ప్రమాణపత్రము వ్రాయించి సంతకము చేసిరి. రెండవ పత్రము నాది. దీనిని కమిషను తగిన కారణముగా ఎంచునో లేదో వకీలుగారును చెప్పలేకున్నారు. వాయిదా వచ్చు నెలలో నున్నది.